నమిలే యంత్రం

ల్యాబులో నమిలే యంత్రం చప్పుడు ఆగిపోయింది. యంత్రం మాత్రం నడుస్తూనే ఉంది. మనిషి ఏళ్ళ తరబడి నమిలేదంతా రోజుల్లోనే నమిలేసి, పుచ్చిపోయిన పంట్లో నింపే సిమెంటు ఎంతకు అరుగుతుందో, ఎప్పుడు పగులుతుందో తేల్చే యంత్రం అది.

"రబ్బరు ముక్క వేశానంతే. ఇక చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది," అన్నాడు మెకానిక్ గర్వంగా.

పరీక్షలు చేసే మేడం మొహం పాలిపోయింది. "ఆ రబ్బరు తీసేయండి."

"ఫలితమేం మారదు మేడం! ఈ మోత భరించలేమని మీవాళ్ళే కదా నన్ను పిలిచింది? మా బావమరిది నిద్రలో పళ్ళు కొరికినట్టు, ఏం గోలండీ అది!"

"మావారూ కొరికేవారు."

"ఇప్పుడు తగ్గిందా?"

"ఆయనే పోయి మూడు నెలలైంది."

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. వెంటనే రబ్బరు లాగేశాడు. కరకర, కరకర మళ్ళీ మొదలైంది.

ఆవిడ కుర్చీని యంత్రం పక్కకు జరుపుకుని, బల్ల మీద తల వాల్చింది. కళ్ళ కింద నల్లటి చారలు. అతను సామాను సంచిలో సర్దుకునేలోపే నిద్రలోకి జారిపోయింది.

ఇంతలో యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది. సిమెంటు పగిలింది, పరీక్ష అయిపోయింది, ఇక ఆపేయాలి. మెకానిక్ స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

నిద్రలోనే ఆవిడ మోచేత్తో యంత్రాన్ని మెల్లగా పొడిచింది.

"అబ్బబ్బా... కాస్త అటు తిరిగి పడుకోండి."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.