పదిహేడో పేజీలో అపస్వరం

"ఇది మార్చింది ఎవరు?"

ప్రొఫెసర్ గారి వేలు పదిహేడో పేజీ మీద ఆగింది. గదిలో ఎనిమిది గిటార్లు ఠక్కున ఆగిపోయాయి.

జాతీయ స్వరకర్త శతజయంతికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆయన పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన రచనని ఎనిమిది గిటార్ల మీద వాయించనివ్వమని ఈ బృందాన్ని నడిపే ఆమె రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతోంది. ఆమె కాలేజీలో గిటార్ టీచరు. శతజయంతి సభలో ఎవరు వాయించాలో, ఎవరు ఇంట్లో కూర్చోవాలో తేల్చేది ఈ ప్రొఫెసరే. ఆయన సరేనంటే నగరంలోకెల్లా పెద్ద హాలు. కాదంటే ఆమె బృందానికి మళ్లీ కాలేజీ వార్షికోత్సవాలే గతి, అదీ జనం లేచి వెళ్లిపోయే వేళకి.

ప్రొఫెసర్ గారి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆయన జన్మలో ఒక్క పాటకి బాణీ కట్టి ఎరగడు. ఒక్క వాయిద్యం తిన్నగా పట్టుకుని ఎరగడు. పోయిన స్వరకర్త పేరు చెప్పుకుని మాత్రం నిక్షేపంలా బతికేస్తున్నాడు. ఆ పదిహేడో పేజీలో ఒక స్వరం తాలూకు చుక్క గీత మీద ఉండాల్సింది గీత కిందికి దిగి ఉంటుంది. వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఒక్క స్వరం మీద ఈయన నాలుగు వందల పేజీల గ్రంథం రాసి డాక్టరేటు కొట్టేశాడు. ఆ స్వరానికి 'జాతి రోదన' అని పేరు పెట్టిందీ ఈయనే. సభల్లో ఆ స్వరం రాగానే కళ్లు తుడుచుకుంటాడు. అందుకోసం ఇస్త్రీ చేసిన రుమాలు వెంట తెచ్చుకుంటాడు.

"గిటార్లకి మార్చి రాసిందంతా మా నాన్నగారండీ," అంది ఆమె.

మూలన కుర్చీలోంచి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ప్రొఫెసర్ ఆయన్ని చెప్పుల దగ్గర్నుంచి తలదాకా ఎగాదిగా చూశాడు.

"ఏం చేసేవారు?"

"అచ్చాఫీసులో పనిచేసి రిటైరయ్యారండీ." తండ్రి ఉద్యోగం గురించి ఎవరడిగినా ఆమె నేల చూపులు చూస్తూనే చెబుతుంది.

"అదీ సంగతి! శుభలేఖలూ కరపత్రాలూ వేసిన చేతులన్నమాట."

గిటార్ల వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పెద్దాయన పని మాత్రం దివ్యంగా చేశాడు. కమానుతో వాయించే సెల్లో మీద సాగదీసినంత సేపు సాగే స్వరం, గిటార్ మీద మీటగానే ఆరిపోతుంది. అలాంటిదాన్ని రెండు గిటార్లకి పంచి, ఒకటి ఆగేలోపు రెండోది అందుకునేలా రాశాడు. డప్పుల చోట గిటార్ చెక్క మీద అరచేత్తో కొట్టించాడు. నాలుగు నెలలు పట్టింది. ఇంత స్వరలిపి ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా అని కూతురు అడిగిన పాపాన పోలేదు. ఎలాగో పని జరిగిపోతోంది కదా అనుకుంది.

"మిమ్మల్ని గిటార్లకి రాయమన్నారు. స్వరకర్తని దిద్దమనలేదు," అన్నాడు ప్రొఫెసర్.

"అది తప్పు స్వరం సార్. ఆయన రాసింది ఇదే."

"ఓహో! మీ చెవిలో చెప్పి పోయారా? పుస్తకం అచ్చయి బయటికి రాకముందే ఆయన పోయారు. రాతప్రతి వరదల్లో పోయింది. మిగిలింది నలభై ఏళ్ల కిందటి అచ్చుప్రతి ఒక్కటే. లోకమంతా అది చూసే వాయిస్తోంది. మీరొచ్చారండీ, సరిచేయడానికి!"

"తప్పు తప్పే కదండీ."

ప్రొఫెసర్ కాగితాలు బల్ల మీద విసిరికొట్టాడు. "చూడమ్మా, ఆ స్వరం ఎక్కడిది అక్కడ పెడితే హాలు మీది. లేదంటే ఈ గిటార్లు పిక్నిక్‌లకి పట్టుకెళ్లండి. వాటి బతుక్కి అదే ఎక్కువ."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. తండ్రి దగ్గరికి విసురుగా వెళ్లింది.

"నీ జేబులో పెన్సిలుంది కదా, దిద్దెయ్."

"వద్దమ్మా. ఒక్కసారైనా ఆ హాల్లో అది సరిగ్గా వినబడాలి."

"ఒక్క చుక్క నాన్నా! ఒక్క చుక్క కోసం అందరి ముందూ నా పరువు తీస్తావా?"

"ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. ఇక నావల్ల కాదు."

"నీకేం తెలుసని నోరు తెరవడానికి?" ఆమె పెన్సిలు లాగి ఆయన చేతిలో పెట్టింది. "నలభై ఏళ్లొచ్చాయి నాకు. నా వల్ల నువ్వు సంతోషపడింది ఒక్కనాడూ చూడలేదు. పోనీ నా సంతోషమైనా నన్ను పడనివ్వవా?"

పెద్దాయన పెన్సిలు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

ప్రొఫెసర్‌కి ఇదంతా భలే వినోదంగా ఉంది. కుర్చీలో వెనక్కి వాలి, క్లాసులో చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"తండ్రి పోయాడని తెలిసిన పూట స్వరకర్త రాసిన పేజీ ఇది. దుఃఖంతో ఆయన చెయ్యి వణికింది, స్వరం జారింది. జారినదాన్ని అలాగే ఉంచేశాడు, అదీ మహానుభావుల లక్షణం. నా గ్రంథంలో మొదటి నుంచి చివరి దాకా నిరూపించింది ఇదే. ఆ చెయ్యి ఎందుకు జారిందో అచ్చాఫీసు మనిషికేం తెలుస్తుంది?"

"తెలుసు సార్," అన్నాడు పెద్దాయన.

కానీ ఆయన ప్రొఫెసర్ వైపు చూడలేదు. కూతురి వైపు తిరిగాడు.

"ఆ పేజీని అచ్చు రేకు మీద చెక్కింది నేనేనమ్మా, నువ్వు పుట్టావని గుమ్మంలోంచి ఎవరో కేకేస్తే సంతోషం పట్టలేక నా చెయ్యి జారింది."