మనసు బాగుందని టిక్కు

ఇనుప కడ్డీల కట్ట మళ్లీ సైగలోడి వైపే వచ్చింది.

క్రేను కింద నిలబడి, పైనున్న ఆపరేటర్‌కి చేతులతో దారి చూపించడం అతని పని. అందుకే సైట్లో అందరూ సైగలోడనే పిలుస్తారు. చూపుడు వేలు కిందికి పెట్టి తిప్పితే దించాలి. చెయ్యి ఎటు చాస్తే అటు జరపాలి. రెండు చేతులూ చాచి అడ్డంగా ఊపితే ఆపాలి. ఆపరేటర్ పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు, ఉండేదీ ఒకే ఇంట్లో. ఎనిమిది అంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుంటాడు. ఎండకి అద్దం మెరుస్తుంది కాబట్టి కిందివాళ్లకి మొహం కనబడదు. ఈ రోజు ఆ మొహం ఎలా ఉంటుందో సైగలోడికి చూడకుండానే తెలుసు.

పొద్దున్న స్నానాల గది దగ్గర మొదలైంది గొడవ. బావ లోపల ఆలస్యం చేశాడు, ఇతను బయట తలుపు బాదాడు. అంతటితో పోవాల్సింది. నోరు ఊరుకుంటేగా. నా చెయ్యి చూడకపోతే పైన నువ్వు కూర్చున్నా ఒకటే, కోతి కూర్చున్నా ఒకటే అనేశాడు. అదీ పిల్లల ముందు. బావ తిరిగి ఒక్క మాట అనలేదు. టిఫిన్ ముట్టకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అక్క తమ్ముడి వైపు చూసి మెల్లగా అంది.

"ఆయన అరిస్తే ఏం కాదురా. నోరు మూసుకుంటేనే భయపడాలి."

ఆ చిరాకుతోనే ఇతను సైటుకి ఆలస్యంగా వచ్చాడు. గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. సంతకం పక్కన రెండు గడులు: మనసు బాగుంది, మనసు బాగోలేదు. బాగోలేదన్నవాడిని ఆ రోజు క్రేను దరిదాపులకి రానివ్వరు, స్టోర్‌లో ఏదో తేలిక పని అప్పజెబుతారు. ఇంజనీరుగారు పెట్టిన రూలు. మగాడన్నవాడు మనసు బాగోలేదని రాస్తాడా అని అందరూ నవ్వుకుని, బాగుంది దగ్గరే టిక్కు పెట్టేస్తారు. ఇతను కూడా పేజీ వైపు చూడకుండానే టిక్కు కొట్టి, పెన్ను విసిరేసి లోపలికి వచ్చాడు.

వచ్చినప్పట్నుంచీ అదే వరస. మంచినీళ్లు తెచ్చిన ముసలామెను కసిరాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. కడ్డీల కట్ట గాల్లోకి లేచాక కూడా బుర్రంతా స్నానాల గది దగ్గరే ఉంది. సాయంత్రం బావ ఏమంటాడో, దానికి తను ఏమనాలో లోపల్లోపలే కూర్చుకుంటూ, వేలు తిప్పుతూ, నాలుగడుగులు నడిచాడు. తలెత్తి చూసేసరికి కట్ట నడినెత్తిన ఉంది.

గబుక్కున చెయ్యి చాచి పక్కకి జరిగాడు. కట్ట కూడా పక్కకి జరిగింది.

పొరపాటేమో అనుకున్నాడు. అవతల పనిచేస్తున్న మేస్త్రీని తప్పుకోమని ఎడమ చెయ్యి చాచి చూపిస్తూ అటే పరుగెత్తాడు. మేస్త్రీ తట్ట వదిలేసి పారిపోయాడు. కట్ట ఎడమకి తిరిగి ఇతని వెంటే వచ్చింది. ఇంకా కిందికి దిగింది. ఇక పొరపాటనుకోవడానికి వీల్లేదు. ఒక్క మాటకి ఇంత పగా? సొంత బావమరిదినని కూడా చూడడా? అక్క చెప్పింది ఇందుకేనా?

"తప్పయిపోయింది బావా," అన్నాడు. ఎనిమిది అంతస్తుల పైకి వినబడుతుందా, పిచ్చి కాకపోతే.

వెనక గోడ తగిలింది. గోడకి వీపు ఆనించి, ఎడమ చేత్తో తడుముకుంటూ జరిగాడు. కుడి చెయ్యి ఏం చేస్తోందో అతనికే తెలీదు. కడ్డీలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. వాటి నీడ మొహం మీద పడింది. అక్కకి ఈ కబురు ఎవరు చెబుతారో అనిపించింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఎవరో చొక్కా పట్టుకుని ఈడ్చారు. ఇద్దరూ ఇసకలో దొర్లారు. ఈడ్చినవాడు ముందుగా లేచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. కట్ట ఆగింది, సరిగ్గా సైగలోడు నిలబడ్డ చోట, నిలువెత్తు మనిషి తలకి తగిలేంత ఎత్తులో.

రొప్పుతూ తలెత్తి చూశాడు సైగలోడు. ఎదురుగా ఉన్నది బావ. మోచేతుల దాకా గ్రీజు ఉంది.

"నువ్వు... పైన లేవా?"

"మనసు బాగోలేదని రాశాన్రా పొద్దున్న. స్టోర్‌లో గొలుసులు తుడుస్తున్నా."

"మరి పైనెవరు? నన్నెందుకు చంపబోయాడు?"

బావ వంగి అతని కుడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దాని చూపుడు వేలు ఇంకా కిందికి తిరుగుతూనే ఉంది.

"కొత్తాయన. నువ్వేం చూపిస్తే అదే చేస్తున్నాడు."