త్రిమూర్తులు గారి చేతులు

“మళ్ళీ కడుక్కోండి,” అంది హారతి.

త్రిమూర్తులు గారు బుద్ధిగా పెరట్లో కుళాయి దగ్గరికి నడిచారు. పాలకొల్లు చుట్టుపక్కల ఎక్కడ కాలవ నీళ్ళ తగాదా వచ్చినా ఆయన మాటే ఆఖరి మాట. పెద్ద పెద్ద రైతులే ఆయన ముందు కుర్చీ అంచున కూర్చుంటారు. అలాంటి మనిషి పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, మోచేతుల దాకా సబ్బు నురగ పట్టించి, బట్టలు ఉతికినట్టు చేతులు ఉతుక్కుంటున్నారు. చూస్తున్న భార్య అప్పాయమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

సంగతేమిటంటే, మనవరాలికి నోటితో తిండి కుదరదు. పొట్టకి అమర్చిన చిన్న గొట్టంలోకి సిరంజితో పాలు పొయ్యాలి. ఇన్నాళ్ళూ ఆ పని కోడలు సుప్రియ చూసుకుంది. రేపటితో ఆమె సెలవు అయిపోతుంది. త్రిమూర్తులు గారికి ఆ పని వచ్చిందనిపిస్తే మనవరాలు ఈ ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే నిడదవోలులో వియ్యంకుడు ఉదయభాస్కర్ గారింటికి వెళ్ళిపోతుంది. ఆ వియ్యంకుడు మొదటిసారికే పాసైపోయి, అప్పటి నుంచి ఫోన్ చేసి మరీ సలహాలు చెబుతున్నారు. మనవరాలు లేని ఇల్లు తలుచుకుంటేనే త్రిమూర్తులు గారికి అన్నం సహించడం లేదు.

పాస్ చెయ్యాల్సింది హారతి. రాజమండ్రి ఆసుపత్రిలో నెలల తరబడి గడిపి వచ్చింది. అక్కడి పద్ధతులన్నీ కంఠతా వచ్చు. కాస్త చూసీ చూడనట్టు పొమ్మని హారతికి చెప్పవా అని త్రిమూర్తులు గారు కోడల్ని అడిగి చూశారు.

“నాదేముంది మావయ్య గారూ, హారతి ఊఁ అనాలి,” అని సుప్రియ తప్పుకుంది.

మొదటి పరీక్షలో ఆయన చేతులు తళతళలాడేలా కడిగి, అలవాటు కొద్దీ భుజం మీది కండువాతో తుడుచుకున్నారు. ఆ పూట ఆ కండువా అప్పటికే మెడ మీద చెమట, టీ గ్లాసు, మోటారు సైకిలు సీటు తుడిచి ఉంది. హారతి అడ్డంగా తలూపింది.

రెండోసారి కండువా లేదు. అంతా సవ్యంగా నడిచిందనుకుంటుండగా, పాలు వేడిగా ఉన్నాయేమోనని సిరంజి మూతి నోట్లో పెట్టుకుని చప్పరించారు. పెళ్ళి వంటయినా సరే, ఆయన రుచి చూడందే విస్తట్లోకి రాదు మరి. పైగా తీపి తగ్గిందని తీర్పు కూడా చెప్పారు. ఆ పాలు పారబోయాల్సి వచ్చింది.

ఇంటికొచ్చిన ఏ ఆఫీసరైనా కొబ్బరిబోండానికో పూతరేకుకో కరిగిపోవడమే ఆయన ఎరుగుదురు. ఆ విద్య హారతి దగ్గర పారదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని దేనితో మెత్తబరుస్తారు?

ఇవాళే ఆఖరి అవకాశం. ఎనిమిదిన్నరకి హారతి కోసం ఆటో వస్తుంది. ఆలోగా తేలిపోవాలి.

కడిగిన చేతులు రెండూ గాల్లోకి ఎత్తి పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుంటూ త్రిమూర్తులు గారు గదిలోకి వచ్చారు. వేళ్ళకి జాతిరాళ్ళ ఉంగరాలు లేవు. బిగుసుకుపోయిన పుష్యరాగాన్ని నిన్ననే కొబ్బరినూనె రాసి ఊడలాగారు. జాతకంలో గురుడికి కోపం వస్తే రానీ అన్నారు. హారతి మంచం మీద దిళ్ళకి ఆనుకుని నిటారుగా కూర్చుని, ఆయన గోళ్ళు ఒక్కొక్కటే పరీక్షగా చూసింది. లేచి చెయ్యి సాయం వెయ్యలేదు.

“ఇప్పుడు చూడండి హారతి గారూ,” అన్నారాయన, ఊరందరి చేతా అండీ అనిపించుకునే మనిషి.

చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆయన ముట్టుకోలేదు. అప్పాయమ్మ తీసి చెవి దగ్గర పెడితే, కాలవకి గండి పడిందని ఎవరో మొత్తుకుంటున్నారు. పరీక్షలో ఉన్నాను, తర్వాత చెయ్యమని చెప్పి, కాచి చల్లార్చిన నీళ్ళలో పాలపొడి కలిపారు.

అప్పాయమ్మ ఇక ఆగలేకపోయింది. క్షీరారామంలో అభిషేకం చేయించి తెచ్చిన పాలు చిన్న గిన్నెలో పట్టుకొచ్చింది.

“రెండు చుక్కలు కలపండి. స్వామి పాలండి, మంచిదే కదా.”

త్రిమూర్తులు గారు బుద్ధెరిగాక స్వామి ప్రసాదం వద్దన్నది లేదు. బిక్కమొహం వేసుకుని హారతి వంక చూశారు. హారతి పైనున్న ఫ్యాను కేసి చూస్తోంది. ఈ జవాబు ఆయనే రాసుకోవాలి.

“స్వామివి నాకియ్యవే,” అని అరచెయ్యి చాపి పోయించుకుని, ఆ పాలు ఆయనే తాగేశారు. “ఇందులో ఒక్క చుక్క పడ్డానికి వీల్లేదు. స్వామికి నేను చెప్పుకుంటాను.”

తడి అరచెయ్యి భక్తిగా నెత్తికి రాసుకున్నాక గాని ఆయనకి తను చేసిన పని తెలిసిరాలేదు. చెయ్యి చూసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే మళ్ళీ కుళాయి దగ్గరికి నడిచారు.

తిరిగొచ్చి, శుభ్రమైన సిరంజి అందుకుని పాఠం అప్పజెప్పారు. ముందు కాసిని నీళ్ళు. తర్వాత పాలు, తొయ్యకుండా, వాటంతటవే దిగాలి. ఆఖర్న మళ్ళీ నీళ్ళు. అయిపోయాక కూడా కాసేపు పడుకోబెట్టకూడదు. పొలం రిజిస్ట్రేషన్లప్పుడు కూడా ఆయన ఇంత జాగ్రత్తగా మాట్లాడిన మనిషి కాదు.

హారతి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“పాసయ్యారు,” అంటూ హారతి తన రెండో తరగతి యూనిఫాం చొక్కా అంచు పైకెత్తి పట్టుకుని, పొట్ట మీది గొట్టం చూపించి, “ఇక పొయ్యండి తాతయ్యా, ఆకలేస్తోంది,” అంది.