బరువులెత్తేవాళ్ళకు

“నా జిమ్ము పౌడరు ఎవులు తాగేస్తన్నారు?” డబ్బా ఊపుతూ అరిచాడు బెన్హర్.

“నానేరా,” అంది తల్లి లీలారాణి, ఎండుచేపల గంపకు గుడ్డ కడుతూ. “యాభై దాటితే ఆడోళ్ళకి కండ కరిగిపోతాదని నర్సమ్మ సెప్పింది. గంప మొయ్యలేకపోతే మనకి తిండేటి?”

“ఇది బరువులెత్తేవోళ్ళకే అమ్మా! నువ్వూ పోటీలకెల్తావేటి?”

“అయితే ఈ గంప నా నెత్తికెత్తు, సూద్దాం.”

బెన్హర్ రెండు చేతులా ఎత్తాడు. గంప రొమ్ము దాటలేదు.

“దించీ నాయనా, నడుం పట్టేస్తాది,” అని ఆమె పొరుగింటి గ్లోరీని పిలిచింది. ఆడవాళ్ళిద్దరూ చెరోవైపూ పట్టి గంపను ఆమె తలకెత్తారు.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి, బెన్హర్ పౌడరు డబ్బాను తల్లి చెయ్యందని అటక మీద పెట్టేశాడు.