విల్లు ఆరేదాకా

సూర్యనారాయణమూర్తి చివరికి పూజగదిలో కూడా వాసన చూశాడు. పటాల వెనక, నూనె డబ్బా వెనక, పట్టుచీరల పెట్టెలో. లేచి పంచె సర్దుకుని, "ఈ ఇంట్లో చేప ఉంది" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ రామ్‌గోపాల్ మేడ మెట్ల వైపు చూశాడు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆ ముక్కంటే రైతులకి హడల్. దిమ్మ ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఏ ఊరి చెరకో, పాకం ఎంత మాడిందో చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఇంట్లో, నాలుగు తరాలుగా గుడ్డు కూడా గడప దాటి రాని ఇంట్లో, ఎనిమిది నెలలుగా మేడ మీద గదిలో చేప ఉడుకుతోంది. ఉడికిస్తున్నది ఆయన ఒక్కగానొక్క కొడుకు.

తినడానికి కాదు. విల్లు కోసం.

రామ్‌గోపాల్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. తండ్రి కొట్లో తూకాలు చూస్తాడు. రెండేళ్ళ కిందట ఫోన్లో ఎవరో ముసలాయన పాత పద్ధతిలో విల్లు తయారు చేస్తుంటే చూశాడు. అప్పట్నుంచి ఈ లోకంలో లేడు. మన్యం నుంచి విరక్కుండా వంగే తడ కర్ర తెప్పించాడు. ఆవిరి పట్టి కొసలు రెండూ ఎదురు వంపు తిప్పాడు. దున్నపోతు కాళ్ళ నరాలు ఎండబెట్టి, చెక్క సుత్తితో దంచి, గోగునారలా పోగులు పోగులుగా చీల్చాడు. పూడిమడక రేవుకి వెళ్ళి చేపల కడుపులో ఉండే గాలితిత్తులు తెచ్చి, అమ్మ వాడటం మానేసిన పాలగిన్నెలో ఉడికించి జిగురు కాచాడు. ఆ జిగురులో నరం పోగులు ముంచి, విల్లు వీపు మీద తల దువ్వినట్టు పరచాలి. ఆరేదాకా ఆగాలి. మళ్ళీ ఇంకో పొర. ఆరే కొద్దీ నరాలు బిగుసుకుని కర్రని వెనక్కి లాక్కుంటాయి. ఎవరూ ముట్టుకోకుండానే కర్ర రోజుకింత వంగుతుంటే, చంటిపిల్లాడు బోర్లా పడటం చూసినంత సంబరంగా ఉండేది అతనికి.

అంతా బాగానే ఉంది. వాసన ఒక్కటే ఆగలేదు.

తండ్రి ముందు మురుగు కాలవ తవ్వించాడు. తర్వాత ఇల్లంతా రంగులు వేయించాడు. ఆ తర్వాత కింది వాటాలో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగిని అనుమానించాడు. ఆ ఉద్యోగి ఇల్లు ఖాళీ చేసి పోయాడు. వాసన పోలేదు. వీధిలోని పిల్లులన్నీ వచ్చి మేడ మెట్ల మీద, మెట్టుకి ఒకటి చొప్పున, రేషన్ డిపో ముందు జనంలా కూర్చోవడం మొదలెట్టాయి.

ఇన్నాళ్ళూ రామ్‌గోపాల్‌ని కాపాడుతూ వచ్చింది తల్లి నూకరత్నం. శనివారం మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టని మనిషి.

"చేపేటండీ, మీ చాదస్తం కాపోతే. గోదాంలో బెల్లం పులిసింది" అంది మొదటిసారి.

"అటక మీద ఎలక చచ్చింది" అంది రెండోసారి. ఎక్కణ్ణుంచి తెచ్చిందో, చచ్చిన ఎలకని చూపించింది కూడా.

మూడోసారి, "నూకాలమ్మ తల్లి సాక్షిగా నాకే వాసనా రాట్లేదు" అని అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ఒట్టేసింది.

అమ్మకి తెలిసిపోయిందని ఆ రోజే అర్థమైంది రామ్‌గోపాల్‌కి. తెలిసీ తన కోసం అమ్మవారి మీద ఒట్టేసింది. ఆమె అరచేతిలో బొబ్బ చూసినప్పుడల్లా అతనికి ముద్ద దిగేది కాదు. ఈ చివరి పొర ఒక్కటీ ఆరిపోతే గిన్నె తీసుకెళ్ళి ఏట్లో పారేస్తానని రోజూ అనుకునేవాడు. వానాకాలం. పొర ఆరలేదు.

ఇప్పుడు తండ్రి వంటమనిషి మరిడమ్మని పిలిచాడు.

"ఇరవై రెండేళ్ళు నమ్మేను నిన్ను. నా వంటింట్లో చేప వండుతున్నావా?"

మరిడమ్మ ఒకసారి నూకరత్నం వైపు చూసింది. తల దించుకుంది.

"తప్పైపోనాది బాబుగారు" అంది.

"రేపట్నుంచి రాకు."

నూకరత్నం కొంగుతో కళ్ళొత్తుకుంది. రామ్‌గోపాల్‌కి సంగతి తట్టింది. చెయ్యని తప్పు నెత్తినేసుకోమని మరిడమ్మని కూడా అమ్మే ఒప్పించి ఉంటుంది. తన కోసమే.

ఇక నిలబడలేకపోయాడు. పిల్లుల్ని దాటుకుంటూ మేడ మీదికి పరిగెత్తి, విల్లూ జిగురు గిన్నే తెచ్చి తండ్రి కాళ్ళ ముందు పెట్టాడు.

"మరిడమ్మనేటీ అనకండి నాన్నా. చేప నాది. తినడానికి కాదు, జిగురుకి. ఆ పైన అంటించినవి దున్నపోతు నరాలు. అమ్మకి అంతా తెలుసు. నన్ను కాపాడ్డానికి అబద్ధాలాడింది. ఆవిణ్ణి కూడా ఏటీ అనకండి."

సూర్యనారాయణమూర్తి భార్య వైపు తిరిగాడు. నూకరత్నం ఆ గిన్నె వంకా, కొడుకు వంకా చూసి, తెలుసన్నట్టు తలూపింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గిన్నె చూశాడు. విల్లు చూశాడు. "బాణం ఎంత దూరం ఎళ్తాదిరా?" అని అడిగాడు.

"ఇంకా తాడు కట్టలేదు నాన్నా. ఆరాలి."

"చెరకు తోటలో షెడ్డుంది కదా, అక్కడ ఆరబెట్టుకో. మరిడమ్మా, నాదే పొరపాటు. రేపు మామూలుగా వచ్చీ" అని, తలస్నానానికి నీళ్ళు తోడమంటూ దొడ్లోకి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే నూకరత్నం కొడుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపేసింది. రామ్‌గోపాల్ కళ్ళనీళ్ళతో వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు.

ఆమె వాణ్ణి భుజం పట్టి లేపి, "ఈ జిగురు గోల ముందే చెప్పుంటే, పదేళ్ళుగా నేనూ మరిడమ్మా నెత్తళ్ళ చేపలు వేపుకు తింటన్న సంగతి మీ నాన్న పసిగట్టేశారని ఇన్నాళ్ళూ హడలి చచ్చేదాన్ని కాదు కదరా" అంది.