అయ్యగారు వచ్చేదాకా

"కట్టు విప్పండి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

నతానియేల్‌కు ఒళ్లు మండింది. తండ్రి రిచర్డ్ కాలు చూడటానికి లాలాగూడ అంతా వచ్చి తలో సలహా పారేసి పోతోంది. ఇప్పుడు వీడొకడు. చెమటకు తడిసిన గళ్ల చొక్కా, భుజాన సంచీ. "వందనాలు" అంటూ చొరవగా లోపలికే వచ్చేశాడు.

రిచర్డ్‌కు షుగర్. అరికాళ్లకు స్పర్శ పోయి ఏళ్లయింది. బూటులో గులకరాయి ఉన్నా తెలియక ఓ ఆదివారమంతా చర్చిలో తిరిగాడు. బొటనవేలి కింద పుండైంది. నెలలు గడిచినా మానలేదు.

వేలు తీసేయాలి, వెంటనే చేరమన్నాడు డాక్టరు.

ముందు ప్రార్థన, తర్వాతే ఆసుపత్రి అంది రోసమ్మ, రిచర్డ్ భార్య. ఆమె అక్క ప్రిసిల్లా ఎరిగిన పాస్టరయ్య ఒకాయన ఉన్నాడు. ఆయన చెయ్యి వేసి ప్రార్థిస్తే రోగం పారిపోతుందని పేరు. ఇంట్లో ఎవరూ ఆయన్ని చూడలేదు. ఆ శనివారమే వస్తానన్నాడు. రోసమ్మ కోడికూర వండి, కుర్చీ మీద కొత్త దుప్పటి పరిచింది.

వచ్చినవాడు ఆ కుర్చీ వైపు కూడా చూడలేదు. కింద కూర్చుని తనే కట్టు విప్పాడు. వాసనకు రోసమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం పోసిండ్రమ్మా దీన్ల?"

"ప్రార్థన నూనె."

"నూనె పోసి, గుడ్డ చుట్టి, మంచిగ కుళ్లబెడ్తున్రు!"

"నాకైతే నొప్పి లేదయ్యా," అన్నాడు రిచర్డ్.

"గదే నా భయం! నరాలు చచ్చినంక నొప్పెట్ల తెలుస్తది? ఎరుపు చీలమండ దాటి పైకి పోతున్నది. ఇప్పుడే ఆటో పిలువుండ్రి."

"మా అయ్యగారు వస్తున్నరు. ప్రార్థన అయినంక పోతం," అంది రోసమ్మ.

"ప్రార్థన ఆటోల సుత చేస్కోవచ్చు!" అని అరిచాడు ఆ మనిషి.

అంతే, నతానియేల్ లేచాడు.

"ఏందీ? ప్రార్థననే ఎక్కిరిస్తవా? ఎవనివి నువ్వు?"

"నేనెవరైతేంది? ముందుగాల ఆ కాలు..."

మాట పూర్తి కానివ్వలేదు. మెడ పట్టి గేటు బయటికి గెంటేశాడు.

"ఇయ్యాలనే తీస్కపొండ్రి!" బయటినుంచి ఇంకా అరుస్తూనే ఉన్నాడు ఆ మొండిమనిషి.

సాయంత్రమైంది. అయ్యగారి జాడ లేదు.

"పెద్దమ్మకు ఫోన్ చేస్తా," అన్నాడు నతానియేల్.

"వద్దురా. దైవజనున్ని తొందరపెట్టొద్దు. తప్పు," అంది రోసమ్మ.

ఎంత మర్యాద! అక్కడ మనిషి కాలు కుళ్లిపోతుంటే ఎంత మర్యాద!

ఆదివారం పొద్దున రిచర్డ్ చలిజ్వరంతో వణికిపోతూ ఏదేదో మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పుడు పరుగెత్తారు ఆసుపత్రికి.

డాక్టరు మండిపడ్డాడు. "నిన్న తెచ్చుంటే వేలుతో పోయేది. ఇప్పుడు మోకాలి కింద తీసేయాలి. ఆలస్యమైతే మనిషే దక్కడు. చదువుకున్నవాళ్లేనా మీరు?"

రిచర్డ్‌ను లోపలికి తీసుకెళ్లారు. నతానియేల్ గోడకు పిడికిలి గుద్దుకున్నాడు. బోయిగూడ నుంచి ప్రిసిల్లా ఆయాసపడుతూ వచ్చింది. ఆమెను చూడగానే విరుచుకుపడ్డాడు.

"అంతా మీ అయ్యగారి వల్లనే పెద్దమ్మా! నిన్నంతా చూసినం, రాలే! ఏ కారున్నోళ్ల ఇంటికో పోయుంటడు. ఇయ్యాల మా డాడీ కాలు పోతున్నది!"

ప్రిసిల్లా ముఖం పాలిపోయింది.

"ఆస్పత్రికి పొమ్మని గట్టిగ చెప్పొచ్చిన అని నిన్ననే ఫోన్ల చెప్పిండ్రు గదరా. మీరు నిన్ననే చేరిండ్రనుకున్న."

"ఎవరు చెప్పిండ్రు?"

ఆమెకు ఏడుపు ఆగలేదు.

"నువ్వు మెడ పట్టి గెంటినవని సుత చెప్పిండ్రు. ఆయనేరా, మా పాస్టరయ్య."