రాతి ముందు కమలాపండ్లు

ల్యాబు పెరట్లోని రాతి ముందు మేము అగరొత్తులు వెలిగిస్తుండగా హత్సుయె కమలాపండ్ల బుట్టతో వచ్చింది. ఆమె భర్త మురుగునీటి సొరంగంలో మేస్త్రీ. నెలనెలా సొరంగం గోడ నుంచి కాంక్రీటు ముక్క కోసి తెచ్చేవాడు. మేము దానికి ఎక్స్‌రే తీసి లోపల ఎంత దెబ్బతిందో చూసేవాళ్ళం. పోయిన నెల ఆ గోడే అతని మీద కూలింది.

రాతి మీది పూలు చూసి ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

“మా ఆయన కోసం ఇంత చేస్తున్నారా సార్? కంపెనీవాళ్ళు ఒక్క పువ్వయినా పెట్టలేదు.”

ప్రొఫెసర్ కుగా నడుము వంచి నమస్కరించాడు. “మాకు చేతనైంది చేస్తున్నామమ్మా.”

మాకని తెచ్చిన పండ్లు రాతి ముందే పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

“ఆవిడకి నిజం చెప్పాల్సింది సార్,” అన్నాను.

“ఏమని? గోడ డొల్లయిందన్న ఎక్స్‌రే రెండు నెలలుగా మన సొరుగులోనే ఉందనా? ఇంకొక్క ముక్క వస్తే పరిశోధన పేపరు పూర్తవుతుందని నువ్వూ నోరు మూసుకున్నావుగా.”

నేను ఆరిపోయిన అగరొత్తిని మళ్ళీ వెలిగించాను.

ఆ రాయి మా ప్రయోగాల్లో చచ్చిన సూక్ష్మజీవుల స్మారకం. ఇక్కడి ల్యాబుల ఆనవాయితీ ప్రకారం ఏటా ఈ రోజున వాటి ఆత్మశాంతికి మొక్కుతాం. మురుగులో ఆమ్లం పుట్టించి ఆ గోడను తిని డొల్ల చేసింది ఆ జాతి జీవులే. హత్సుయె కమలాపండ్లు వాటికే నైవేద్యం.